జో లూయిస్‌ను లావు చేసి, మళ్ళీ సన్నబరిచిన దుకాణం

హనుమకొండ చౌరస్తాకు దగ్గర్లో, మొదటి అంతస్తులో, పెళ్ళి వీడియోలు మిక్సింగ్ చేసే ఒక చిన్న దుకాణం ఉంది. పాత వీడియో క్యాసెట్లను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి ఇస్తారు. పేరు రాయడం లేదు. మొదటిసారి చేసిన పని మీద నాలుగు మాటలు అనబోతున్నాను, రెండోసారి చేసిన పనికి అందులో మూడు వెనక్కి తీసుకోబోతున్నాను. ఆ మాత్రం దానికి ఒకరి వ్యాపారం పేరు బజారున పెట్టడం ఎందుకు? మెట్లెక్కేటప్పుడు మాత్రం కుడివైపు కమ్మీ పట్టుకోండి. ఎడమవైపుది ఊగుతోంది, దాని బోల్టులు రెండు ఎప్పుడో పోయాయి.

నేను కాజీపేట లోకో షెడ్డులో ఫిట్టరుగా పనిచేసి రిటైరైనవాణ్ణి. వయసులో ఉండగా రైల్వే తరఫున నాలుగేళ్ళు బాక్సింగ్ చేశాను. గెలిచినవాటి కంటే ఓడినవి రెండు ఎక్కువ. 1996లో మా బావమరిది అమెరికా నుంచి వస్తూ వాళ్ళ అక్కయ్యకు ఒక మిక్సీ, నాకు ఐదు క్యాసెట్లు తెచ్చాడు. మిక్సీ 110 వోల్టులది. మొదటి రోజే ఇడ్లీపిండి మధ్యలో పొగ వదిలి చనిపోయింది. క్యాసెట్ల సంగతీ అంతే. అక్కడి టీవీ సిగ్నల్ పద్ధతి వేరు, ఇక్కడి పద్ధతి వేరు. మనది పాల్, వాళ్ళది ఎన్‌టీఎస్‌సీ. మా ఇంట్లో ఉన్న ప్లేయర్‌లో పెడితే బొమ్మ కిందనుంచి పైకి గిరగిరా తిరిగేది. మా ఆవిడ మిక్సీని అటక మీదికి ఎక్కించింది. నేను మాత్రం రెండు నెలల ఓవర్‌టైమ్ డబ్బుతో హైదరాబాద్ వెళ్ళి రెండు పద్ధతులూ ఆడే ప్లేయర్ కొనుక్కొచ్చాను. ఈ విషయం మా ఇంట్లో ఇప్పటికీ అప్పుడప్పుడు ప్రస్తావనకు వస్తుంది.

ఆ ఐదింటిలో ఉన్నవి పాతకాలపు హెవీవెయిట్ పోటీలు. మూకీ రీళ్ళ కాలంనుంచి మహమ్మద్ అలీ వరకు. 2009లో ప్లేయర్ రబ్బరు బెల్టు తెగింది, మళ్ళీ దొరకలేదు. క్యాసెట్లు బీరువాలో కలరా ఉండల వాసన పీలుస్తూ పడి ఉన్నాయి. ఈ మధ్య మా మనవరాలు బాక్సింగ్ మొదలుపెట్టింది. నిజామాబాద్ నుంచి వెళ్ళి నిఖత్ జరీన్ 2022లోనూ 2023లోనూ ప్రపంచ విజేత అయ్యాక మన వైపు ఆడపిల్లలకు ఈ ఆట పరాయిది కాకుండా పోయింది. ఆ పిల్ల ఒకరోజు ఫోనులో పాతకాలపు హెవీవెయిట్ విజేత జాక్ డెంప్సీని చూపించింది. చిత్రం పరుగులు తీస్తోంది, పైన ఏదో సంగీతం, ముఖాలకు పూసిన రంగు గులాబీ పువ్వులా ఉంది. పైగా మొత్తం నాకౌట్లే. మామిడిపండు తినకుండా టెంకలు మాత్రం కుప్పపోసి చూపించినట్టు. చివరి దెబ్బ ఎందుకు తగిలిందో తెలియాలంటే ముందరి పది రౌండ్లు కావాలి. అవి నా బీరువాలో ఉన్నాయి.

దుకాణంలో ఉన్న కుర్రవాడికి పాతికేళ్ళుంటాయి. తండ్రి ఒకప్పుడు ఈ ఊళ్ళో పెళ్ళిళ్ళకు భుజాన కెమెరా మోసినవాడు, ఇప్పుడు వెనక గదిలో మరమ్మతులు చూస్తాడు. సంచి తెరిచి క్యాసెట్లు బల్ల మీద పెట్టాను.

“సార్, పెళ్ళా, ఉపనయనమా?”

“దెబ్బలాట బాబూ.”

క్యాసెట్టుకు మూడు వందల యాభై. టేపు మీద బూజు ఉంటే శుభ్రం చేయడానికి ఇంకో నూట యాభై. నాలుగు రోజులన్నారు, తొమ్మిది రోజులు పట్టింది. ముందు నాలుగు క్యాసెట్లు ఇచ్చారు. ఐదోదానికి బూజు బాగా పట్టిందని తండ్రి తన దగ్గర ఉంచుకున్నాడు. దాన్ని అలాగే మెషిన్‌లో పెడితే హెడ్ పాడవుతుంది, టేపూ తెగుతుంది. తొందరపడి పెట్టలేదు, అది వాళ్ళ మంచితనం.

ఇంటికి వచ్చి టీవీకి పెన్‌డ్రైవ్ పెట్టాను. ఒకప్పటి అమెరికా హెవీవెయిట్ విజేత జో లూయిస్ వచ్చాడు. నేను గుర్తుపట్టలేదు.

మనిషి అడ్డంగా పెరిగిపోయాడు. భుజాలు బీరువా తలుపుల్లా ఉన్నాయి, ముఖం పూరీలా ఉంది. “పెళ్ళి విందు తిని నేరుగా రింగులోకి వచ్చాడా తాతయ్యా?” అంది మనవరాలు. జరిగిందేమిటంటే, పాత చిత్రం వెడల్పు ఎత్తు కంటే కొంచెమే ఎక్కువ, నాలుగుకు మూడు. ఇప్పటి టీవీ పదహారుకు తొమ్మిది. తెర నిండాలని ఆ కుర్రవాడు బొమ్మను పక్కలకు లాగాడు. ఎత్తు అంతే ఉంటుంది, మనిషి మూడోవంతు లావవుతాడు. పెళ్ళికూతురైతే ఫోను చేసి తిడుతుంది. 1981లో చనిపోయిన జో లూయిస్ ఎవరికి చెప్పుకుంటాడు?

ఇది అందానికి సంబంధించిన ఫిర్యాదు కాదు. బాక్సింగ్ అంటే దూరం. ఇంజన్‌లో వాల్వుకూ రాకర్‌కూ మధ్య ఎంత సందు ఉండాలో ఫీలర్ గేజ్ పెట్టి చూస్తాం. వెంట్రుక మందం తేడా వస్తే చప్పుడు మారిపోతుంది. లూయిస్ గొప్పతనమంతా ఆ సందులోనే ఉంది. అతని గుద్దు ఎక్కడో వెనకనుంచి ఊపుకుంటూ రాదు. అవతలివాడి గడ్డానికి జానెడు దూరంలో మొదలై అక్కడే పూర్తవుతుంది. బొమ్మను పక్కలకు లాగితే ఆ జానెడు కాస్తా మూరెడులా కనిపిస్తుంది. అతి పొదుపుగా కొట్టేవాడు గడ్డివాము తిరగేస్తున్నవాడిలా తయారవుతాడు.

ఇంకో రెండు తప్పులు. చప్పుడు శుభ్రం చేస్తున్నామని జనం హోరు కూడా తీసేశారు. వేలమంది ఉన్న మైదానంలో రిఫరీ ఒక్కడే బావిలోంచి మాట్లాడుతున్నట్టుంది. రెండోది, నాలుగు జీబీ దాటిన ఫైలు నా పాత టీవీ చదవదని వాళ్ళంతట వాళ్ళే ముక్కలు చేశారు. మంచిదే. కానీ గంట మోగిన చోట తెంచాలి కదా! ఒక ముక్క పదకొండో రౌండులో ఇద్దరూ ఒకరినొకరు వాటేసుకుని ఉండగా ఆగిపోయింది.

మర్నాడు మళ్ళీ మెట్లెక్కాను. కుర్రవాడు వాదించలేదు. “సార్, అందరూ తెర నిండుగా కావాలంటారు. రెండు పక్కలా నల్ల పట్టీలు వస్తే డబ్బులు ఇవ్వరు” అన్నాడు. అదీ నిజమే. నాకు పట్టీలే కావాలన్నాను. నా ఎదురుగానే సరిచేయడం మొదలుపెట్టాడు, దానికి పైసా అడగలేదు. తెర మీద లూయిస్ నెమ్మదిగా సన్నబడుతుంటే వెనక గదిలోంచి తండ్రి వచ్చి నిలబడ్డాడు. “ఈయన నడుము ఇంత సన్నమా?” అన్నాడు.

ఆ తర్వాత మొదటి క్యాసెట్ పెట్టించాను. అసలు పని అక్కడుంది.

మూకీ రోజుల్లో కెమెరాను చేత్తో తిప్పేవారు. సెకనుకు పదహారు, పద్దెనిమిది ఫ్రేములు, తిప్పేవాడి చేతి వాటాన్నిబట్టి. తర్వాత దాన్ని సెకనుకు ఇరవై నాలుగు ఫ్రేముల వేగంతో ఆడిస్తే మనుషులు తోలుబొమ్మల్లా గెంతుతారు. పాత బాక్సర్లంటే చాలామందికి నవ్వు రావడానికి కారణం ఇదే. వాళ్ళకు ఆట రాదని కాదు, మన దగ్గర చక్రం వేగంగా తిరుగుతోంది. ఎంత వేగమో ఎలా తెలుస్తుంది? రౌండు మూడు నిమిషాలు. 1910లోనూ అంతే, ఇప్పుడూ అంతే. కోత లేని రౌండు ఒకటి వెతికి, గంటనుంచి గంటకు నా హెచ్ఎంటీ గడియారంతో కొలిచాను. రెండు నిమిషాల పదిహేను సెకన్లు వచ్చింది. అంటే మూడింట నాలుగో భాగం ఎగిరిపోయినట్టు కాదు, నాలుగింట ఒక భాగం ఎగిరిపోయింది (తప్పు చెప్పబోయి సరిచేసుకున్నాను, లెక్క కుర్రవాడే చూశాడు). వేగం డెబ్బై ఐదు శాతానికి తగ్గించమన్నాను.

తగ్గిస్తే ఒక్కొక్కరికి నాలుగు గ్లవ్స్ కనిపించాయి. ఖాళీ నింపడానికి కంప్యూటర్ రెండు ఫ్రేములు కలిపి మధ్యలో ఒక దయ్యాన్ని తయారుచేస్తోందట. ఆ కలపడం ఆపించాను. బొమ్మ కాస్త తడబడింది గానీ దయ్యాలు పోయాయి. సరైనదో కాదో రెండోసారి పరీక్షించడానికి మూలలో తువ్వాలుతో విసురుతున్న మనిషిని చూశాం, నీళ్ళు పోస్తున్నవాణ్ణి చూశాం. నీళ్ళు కిందపడే వేగం కాజీపేటలోనైనా అమెరికాలోనైనా ఒకటే. ఇద్దరం తలలు ఊపాం. ఈ వేగం పనికి ఆరు వందలు ఎక్కువ తీసుకున్నాడు. బేరం చేయలేదు. ఒక పూటంతా నా పక్కన కూర్చున్నాడు.

ఇప్పుడు ఏమి కనిపించిందో చెప్తాను.

మొదటి క్యాసెట్‌లో జాక్ జాన్సన్, జిమ్ జెఫ్రీస్ పోటీ. 1910 జూలై 4, నెవాడాలోని రీనో. నలభై ఐదు రౌండ్లకు ఒప్పందం, పదిహేనులో ముగిసింది. జెఫ్రీస్ సుమారు ఆరేళ్ళు ఆటకు దూరంగా ఉండి, నలభై కిలోలకు పైగా తగ్గి, నల్లవాడైన జాన్సన్ చేతినుంచి హెవీవెయిట్ కిరీటం లాక్కురావాలని అందరూ పోరితే వచ్చినవాడు. వేగం తప్పుగా ఉన్నప్పుడు జాన్సన్ ఊరికే చేతులు ఆడిస్తున్నట్టు ఉండేవాడు. సరిచేశాక చూస్తే అతను కొట్టడం కంటే పట్టుకోవడం ఎక్కువ. జెఫ్రీస్ భుజం కదలగానే, పిడికిలి ఇంకా బయల్దేరకముందే, జాన్సన్ అరచేయి అతని కండ మీద వాలి ఉంటుంది. ఆవిరి గొట్టంలోకి రాకముందే వాల్వు మూసినట్టు. అవతలివాడు కొట్టలేదని చూసేవాడికి అనిపిస్తుంది, కొట్టనివ్వలేదని రెండోసారి చూస్తే తెలుస్తుంది.

“తాతయ్యా, వీళ్ళు గార్డు పెట్టుకోరా? చేతులు నడుము దగ్గరున్నాయి” అంది మనవరాలు. మంచి ప్రశ్న. వాళ్ళ గ్లవ్స్ చిన్నవి, ఇప్పటి దిండ్లలాంటివి కావు. ముఖానికి అడ్డం పెట్టుకుని దాక్కునేంత మేర వాటిలో లేదు. పైగా నలభై ఐదు రౌండ్లు నిలబడాలి. చేతులు ఎత్తిపట్టుకునే ఉంటే భుజాలు ఇరవైకే చచ్చిపోతాయి. అందుకే దూరంతో కాచుకున్నారు, వెనక్కి వాలి కాచుకున్నారు, వాటేసుకుని బరువంతా అవతలివాడి మీద మోపి అలసిపోయేలా చేశారు. ఆ పిల్ల కాసేపు చూసి, “మరి ఎవరితో మాట్లాడుతున్నాడు?” అంది. జాన్సన్ జెఫ్రీస్‌ను పట్టుకుని, అతని భుజం మీదుగా రింగు బయట ఎవరికో జవాబు చెబుతుంటాడు. జెఫ్రీస్ మూలలో ఉన్నవాడు జిమ్ కార్బెట్, తనూ ఒకప్పటి విజేతే. నోటికొచ్చినట్టు రెచ్చగొట్టాడు. మూకీ చిత్రం కాబట్టి పెదవులే కదులుతాయి.

అంతవరకు ఎన్నడూ కిందపడని జెఫ్రీస్ పదిహేనో రౌండులో పడ్డాడు. ఆ రాత్రి అమెరికాలో చాలా ఊళ్ళలో నల్లవాళ్ళ మీద దాడులు జరిగాయి. చిత్రాన్ని ఎన్నో చోట్ల నిషేధించారు. 1912లో ఏకంగా చట్టం తెచ్చారు, బాక్సింగ్ చిత్రాలను ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి తీసుకెళ్ళడమే నేరం. అది 1940 దాకా ఉంది. అందుకే ఆ కాలపు రీళ్ళలో మనదాకా వచ్చినవి చాలావరకు కాపీలకు కాపీలు. తెర మీద ఆ గీతలూ వానా చూసి దుకాణం కుర్రవాడు తన మెషిన్‌దే లోపమని కంగారుపడ్డాడు. నీది కాదు బాబూ, వాళ్ళ పార్లమెంటుది అన్నాను.

డెంప్సీ, విలార్డ్ పోటీ, 1919 జూలై 4, టొలీడో. విలార్డ్ ఆరడుగుల ఆరంగుళాలు, సుమారు నూట పదకొండు కిలోలు. డెంప్సీ ఎనభై ఐదుకు అటూ ఇటూ. మొదటి రౌండులోనే విలార్డ్ ఏడుసార్లు పడ్డాడు. మూడో రౌండు తర్వాత కుర్చీలోంచి లేవలేదు. ఫోనులో చూస్తే డెంప్సీ పిచ్చెక్కినవాడిలా మీదపడినట్టుంటుంది. సరైన వేగంలో చూడండి, మొదట్లో చుట్టూ తిరుగుతాడు, తొందరపడడు, కొలుస్తాడు. ఆ తర్వాతే ఎడమ హుక్, మోచేయి వంచి పక్కనుంచి కొట్టే గుద్దు. పడ్డవాడి పక్కనే నిలబడి, లేస్తుండగానే మళ్ళీ కొడతాడు. పడేసినవాడు దూరంగా మూలకు వెళ్ళాలన్న నియమం అప్పటికి పాటింపులో లేదు. మా మనవరాలు “ఇది మోసం” అంది. ఎనిమిదేళ్ళ తర్వాత అదే నియమం డెంప్సీ కొంప ముంచింది. 1927 సెప్టెంబర్ 22, చికాగో, ఏడో రౌండు. అప్పటి విజేత జీన్ టన్నీ పడ్డాడు, డెంప్సీ మూలకు వెళ్ళకుండా నిలబడ్డాడు, రిఫరీ పదిదాకా పెట్టే లెక్క మొదలుపెట్టడం ఆలస్యం చేశాడు. టన్నీ దాదాపు పద్నాలుగు సెకన్లు కింద ఉన్నాడు, లేచాడు, చివరికి పాయింట్ల మీద గెలిచాడు. నా గడియారం లెక్క ఇక్కడ గుర్తుకొచ్చింది. నాలుగింట ఒక భాగం మింగేసే వేగంతో ఈ దృశ్యాన్ని ఆడిస్తే ఆ పద్నాలుగు కాస్తా పదిన్నర అవుతుంది. అప్పుడు డెంప్సీకి అన్యాయం జరిగిందని దాదాపు వందేళ్ళుగా కొట్టుకుంటున్నవాళ్ళ గొడవకే ఆధారం ఉండదు.

మూడో క్యాసెట్ నాకు ప్రాణం. 1936 జూన్ 19, న్యూయార్క్ యాంకీ స్టేడియం. అప్పటికి ఓటమి ఎరగని జో లూయిస్‌ను జర్మనీవాడు మాక్స్ ష్మెలింగ్ పన్నెండో రౌండులో పడగొట్టాడు. ఎలా? లూయిస్ పాత చిత్రాలు ముందేసుకుని కూర్చున్నాడు. ఎడమచేత్తో జాబ్, అంటే తిన్నగా ముందుకు చాచే గుద్దు, కొట్టాక ఆ చేయి తిన్నగా వెనక్కి రాకుండా కాస్త కిందికి దిగుతోందని కనిపెట్టాడు. దిగినంతసేపు గడ్డం ఎడమవైపు తలుపు తెరిచి ఉంటుంది. అందులోంచి కుడి గుద్దు పంపాడు. నాలుగో రౌండులో ఒకసారి పడేశాడు, తర్వాత అదే దారిలో మళ్ళీ మళ్ళీ.

ఇదంతా నేను చదివి ఎరుగుదును. కళ్ళతో ఎప్పుడూ పట్టుకోలేదు. వెడల్పు సరిచేసిన ఈ ప్రతిలో రిమోట్ పట్టుకుని ఒక్కో ఫ్రేము ముందుకు జరిపాను. జాబ్ వెళ్ళింది. గ్లవ్ వెనక్కి వస్తోంది. మోచేతి దగ్గర వంపు తిరిగి, బొటనవేలి వైపు కిందికి ఒరిగి, రొమ్ము ఎత్తుకు దిగింది. మళ్ళీ గడ్డం దగ్గరికి ఎక్కడానికి ఇంకా రెండు మూడు ఫ్రేములు. అంతే సందు. ష్మెలింగ్ కుడి భుజం అప్పటికే కదిలి ఉంది.

సికింద్రాబాద్‌లో నేను ఓడిన రోజు మా శిక్షకుడు ఒక్కటే అన్నాడు, నీ ఎడమచేయి జేబులో చిల్లర వెతుక్కుంటోందని. నాకు అర్థం కాలేదు. మమ్మల్ని ఎవరూ చిత్రం తీయలేదు కదా, చూసుకోవడానికి! మా మనవరాలిని లేపి నిలబెట్టి జాబ్ కొట్టమన్నాను. దాని చేయీ దిగింది. తన ఫోనులోనే తీసి చూపించాను. ముఖం ముడుచుకుంది, మళ్ళీ కొట్టింది, మళ్ళీ తీయమంది. వాళ్ళమ్మ వచ్చి టీవీ కట్టేసేదాకా ఇదే పని.

రెండేళ్ళ తర్వాత, 1938 జూన్ 22న, లూయిస్ బాకీ తీర్చాడు. రెండు నిమిషాల నాలుగు సెకన్లు. దీనికి ఇంతకంటే రాయాల్సింది లేదు, టీ గ్లాసు పట్టుకుని కూర్చుంటే చల్లారకముందే అయిపోతుంది. 1941 నాటి బిల్లీ కాన్ పోటీకి మాత్రం గంట కేటాయించండి. సుమారు పది కిలోలు తక్కువ బరువున్నవాడు పన్నెండు రౌండ్లు లూయిస్‌ను ఆడించాడు, ఇద్దరు న్యాయనిర్ణేతల లెక్కలో ముందున్నాడు. అలా తప్పించుకుంటూ ఉంటే గెలిచేవాడే. పదమూడులో నాకౌట్ చేయాలని ఎదురునిలిచాడు. రౌండు ముగియడానికి రెండు సెకన్లుండగా లెక్క పూర్తయింది.

నాలుగోది రాకీ మార్సియానో. నలభై తొమ్మిది ఆడి నలభై తొమ్మిదీ గెలిచాడు, నలభై మూడు నాకౌట్లు. అందరూ రాసేదే. నాకు అతనికంటే అతని చేతిలో ఓడిన జెర్సీ జో వాల్కాట్ ఇష్టం. మాటల మధ్యలో విసుగొచ్చి వెళ్ళిపోతున్నవాడిలా పక్కకు తిరిగి రెండడుగులు నడుస్తాడు. వెంట పడ్డావా, తిరిగి కొడతాడు. 1952 సెప్టెంబర్‌లో ఫిలడెల్ఫియాలో మొదటి రౌండులోనే మార్సియానోను పడేశాడు, పన్నెండు రౌండ్లు ముగిసేసరికి ముందున్నాడు. పదమూడులో తాళ్ళ దగ్గర మార్సియానోది ఒక్క కుడి గుద్దు. అదీ జానెడే. వాల్కాట్ చేయి తాడుకు తగులుకుని, మనిషి మోకాళ్ళ మీదికి జారాడు. అలీ పోటీలు రంగుల్లో ఉన్నాయి, బాగా వచ్చాయి. ఎక్కడైనా దొరుకుతాయి కాబట్టి వదిలేస్తున్నాను.

దుకాణం సంగతి. స్టార్లు ఇవ్వమంటే నాలుగు. తీసేసిన ఒక్కటి చెప్పకుండా బొమ్మను లాగినందుకు. జనం హోరు తిరిగి వచ్చింది, ముక్కలు గంటల దగ్గరే తెగాయి. మీరు వెళితే ముందే మూడు మాటలు చెప్పండి: నల్ల పట్టీలు ఉంచమని, చప్పుడు ముట్టుకోవద్దని, క్యాసెట్ విదేశాలనుంచి వచ్చిందైతే ఆ మాట. మధ్యాహ్నం రెండునుంచి నాలుగు దాకా భోజనం పేరుతో తలుపు వేసి ఉంటుంది. మూఢం రోజుల్లో వెళితే పని త్వరగా అవుతుంది, ముహూర్తాలుంటే మీ క్యాసెట్ పెళ్ళిళ్ళ కింద పడిపోతుంది. నా తొమ్మిది రోజులకు కారణం అదేనని తర్వాత తెలిసింది.

ఐదో క్యాసెట్ ఇంకా వాళ్ళ దగ్గరే ఉంది. పెద్దాయన పెట్టె విప్పి, టేపును చేత్తో తిప్పుతూ మెత్తని గుడ్డతో జానెడు జానెడు తుడుస్తున్నాడు. మొన్న వెళితే సగం దాటలేదు. తొందర లేదన్నాను. కానీ అందులో జాన్సన్, కెచెల్ పోటీ ఉంది, 1909 నాటిది. పన్నెండో రౌండులో కెచెల్ జాన్సన్‌ను పడేస్తాడు, లేచిన జాన్సన్ ఒక్క ఊపులో అతన్ని పడుకోబెట్టి, తర్వాత తన గ్లవ్‌లోంచి ఏదో దులుపుకుంటాడు. కెచెల్ పళ్ళని చెబుతారు. ఆ మాట నోరుజారి మనవరాలితో అన్నాను. అప్పటినుంచి రోజూ సాయంత్రం బడినుంచి రాగానే సంచి కింద పెట్టకుండా అడుగుతోంది, దుకాణం వాళ్ళు ఫోను చేశారా అని.